మాట ఒక్కటే – వైపులు మూడు

ఆంగ్లభాషలో 'సైడ్' అన్నది చిన్న మాట. అయినను దానిని ఆశ్రయించి పుట్టిన జాతీయాలు అనేకం. మన విద్యార్థులు పలువురు వీటిని గైడు పుస్తకాల నుండి కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోతున్నారు. ఈ పద్ధతి మారవలెనని, జాతీయాన్ని జాతీయంతోనే పోల్చి నేర్వవలెనని నా అభిప్రాయం.

పొద్దుటి నుండి చిరాకుపడుతున్న వానిని ఆంగ్లేయులు 'మంచం రాంగ్ సైడున దిగినాడు' అంటారు. మాటకు మాట అనువదిస్తే నవ్వు వస్తుంది. మనమో, తలపెట్టిన పని చెడినపుడు 'పొద్దున్నే ఎవరి ముఖం చూచితినో' అనుకుంటాము. ఉర్దూలోను 'సుబహ్ సుబహ్ కిస్‌కా ముఁహ్ దేఖా థా' అనుట వాడుక. అక్కడ చెప్పేది మనిషి చిరాకు. ఇక్కడ చెప్పేది రోజు అచ్చిరాకపోవడం. ఈ భేదం గ్రహించినవాడు ఆ పలుకుబడిని మరువడు.

కంచెకు 'అదర్ సైడున' గడ్డి మరింత పచ్చన అని ఆంగ్ల సామెత. మనకు దూరపు కొండలు నునుపు. ఉర్దూవారికి 'దూర్ కే ఢోల్ సుహానే'. ఒకరు గడ్డిని చూచిరి, ఒకరు కొండను చూచిరి, ఒకరు డోలు విన్నారు. భావం మాత్రం ఒక్కటే.

కొన్నిచోట్ల జాగ్రత్త అవసరం. 'ది అదర్ సైడ్ ఆఫ్ ది కాయిన్' అంటే ఒక విషయానికి గల భిన్నమైన రెండవ కోణం. ఉర్దూలో ఇదే 'తస్వీర్ కా దూస్‌రా రుఖ్'. 'టూ సైడ్స్ ఆఫ్ ది సేమ్ కాయిన్' అంటే విడదీయరాని సంబంధం గల రెండు విషయాలు. 'లెట్ ది సైడ్ డౌన్' అన్నచోట సైడ్ అనగా జట్టు. తనవారికి తలవంపులు తెచ్చుట దాని అర్థం.

'టేక్ సైడ్స్' అనగా పక్షం వహించుట. ఉర్దూలో 'తరఫ్‌దారీ'. మనం నిత్యం పలికే 'వాది తరఫు వకీలు' అన్న మాటలో తరఫు, వకీలు రెండూ అరబ్బీ మూలం నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే. భాషల నడుమ గోడలు లేవనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే నేర్వవలెనని కొందరి వాదం. ప్రయోగం అలవడుటకు ఆంగ్ల గ్రంథపఠనం తప్పనిసరి, కాదనను. కాని భావం నాటుకొనేది ఇంటి భాషలోనే. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చితిమని చిన్నబుచ్చుకొనే మిత్రులు తమ చేతిలోని మూలధనాన్ని గుర్తింపకున్నారు.

కావున కళాశాల కార్యవర్గమువారికి నా మనవి: గ్రంథాలయం వద్ద ఒక నల్లబల్ల ఏర్పాటు చేయించండి. వారానికొక ఆంగ్ల జాతీయం, దాని క్రింద తెలుగు, ఉర్దూ పలుకుబడులు ఉండాలి. ఒక తెలుగు విద్యార్థి, ఒక ఉర్దూ విద్యార్థి కలిసి వ్రాయాలి. ఖర్చు సుద్దముక్క మాత్రమే. వేర్వేరు బెంచీలపై కూర్చునే మనం ఆ బల్ల ముందైనా పక్కపక్కన నిలుస్తాము.