అప్పీలు ఎవరి హక్కు?

2017 జులైలో ఆబ్కారీ శాఖ సిట్ మాదకద్రవ్యాల కేసులో సినిమావాళ్లను విచారణకు పిలిచినప్పుడు ఫిల్మ్ నగర్ మీద వాలిన కెమెరాలు చాలా రోజులు కదల్లేదు. నటి ఛార్మి హైకోర్టుకు వెళ్లింది. మహిళా అధికారులే ప్రశ్నించాలనీ, ఇష్టం లేకుండా రక్తం, గోళ్లు, వెంట్రుకలు తీసుకోరాదనీ కోర్టు చెప్పింది. "తప్పు చేయకపోతే భయమెందుకు?" అని వెక్కిరించినవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆమె చేసింది సరైన పని.

మన తగువల్లా వేరు. రోజుల్లో ఆమెకు తెరుచుకున్న కోర్టు తలుపు, అదే ఫిల్మ్ నగర్ బస్తీలో అంట్లు తోముకునే స్త్రీకో, ఏజెన్సీ నుంచి కూలికి గంజాయి మూట మోసి పట్టుబడ్డ ఆదివాసీ స్త్రీకో, శిక్ష పడ్డాక కూడా ఎందుకు తెరుచుకోదు?

1985 నాటి ఎన్‌డిపిఎస్ చట్టంలో 29వ సెక్షన్ కుట్ర గురించి. సరుకు ముట్టకపోయినా కుట్రలో ఉందని తేలితే అసలు నేరానికి పడే శిక్షే. గంజాయి 20 కిలోలు మించితే పదేళ్లకు తగ్గదు, పైన కనీసం లక్ష జరిమానా. 35వ సెక్షన్, తెలిసే చేసిందని ముందే అనుకుంటుంది. తెలియదని ఆమే రుజువు చేసుకోవాలి. చేసే పనులన్నీ పెళ్లానికి చెప్పే మొగుళ్లు ఎంతమంది? అమెరికాలోనూ ఇదే కథ. కెంబా స్మిత్ అనే నల్లజాతి విద్యార్థినికి, తనను కొట్టే ప్రియుడి ముఠా వ్యాపారాన్నంతా ఆమె ఖాతాలో వేసి, ఫెడరల్ కోర్టు 24న్నర ఏళ్లు వేసింది. 2000 డిసెంబరులో క్లింటన్ క్షమాభిక్ష పెట్టేదాకా జైల్లోనే ఉంది.

ఇక్కడ, శిక్ష పడ్డ 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. జైలు అధికారి ద్వారానే పంపవచ్చు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా స్త్రీకి ఉచితంగా లాయరునివ్వాలి. వాదించడానికి విషయమూ ఉంది: అధికారులు 67వ సెక్షన్ కింద రాయించుకున్న వాంగ్మూలం నేరాంగీకారంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్త్రీని స్త్రీయే సోదా చేయాలని చట్టమే అంటోంది. ఇవన్నీ ఇంగ్లీషు తీర్పు చేతిలో పెట్టుకుని కూర్చున్న నిశానీ మనిషికి చెప్పేదెవరు? అప్పీలు వేసినా, నిర్దోషి అనిపిస్తేనే వదలమనే 37వ సెక్షన్ అడ్డం. విచారణ వచ్చేసరికి శిక్షలో సగం తీరిపోవచ్చు.

జైళ్లకు కుట్టుమిషన్లు మోసుకెళ్లే మన సంస్థలు ఈసారి చంచల్‌గూడకూ విశాఖకూ ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లాలి. శిక్ష పడ్డ ప్రతి స్త్రీనీ తీర్పు తేదీ అడగాలి, అప్పీలు వెళ్లిందా అడగాలి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు అక్కడే రాయించాలి. 37వ సెక్షన్ రద్దు కోసం పోరాడుతూనే.