అభిరుచికి మంత్రిత్వ శాఖా?

పాటల్లో సాహిత్యం భ్రష్టుపట్టిందనీ, సర్కారు కత్తెర పట్టాల్సిందేననీ మన దేశంలో తరచూ ఒక గోల లేస్తుంటుంది. 2022లో పంజాబ్ ప్రభుత్వం ఆయుధాలను కీర్తించే పాటలను నిషేధించినప్పుడూ హర్షించినవారున్నారు. వారు 1952ను మరిచారు.

ఆ ఏడాది కేంద్ర సమాచార, ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ దృష్టిలో శాస్త్రీయ సంగీతమే సంగీతం. ఆకాశవాణిలో సినిమా పాటలకు ఆయన కళ్లెం వేశారు. నిర్మాతలతో తగవు ముదిరి అవి దాదాపుగా మూగబోయాయి. ‘బైజూ బావరా’ విడుదలైందీ అదే ఏడాది! హిందుస్తానీ రాగాల మీద నౌషాద్ కట్టిన బాణీలు, షకీల్ బదాయూనీ రాసిన భజన, ఉస్తాద్ అమీర్‌ఖాన్, డి.వి. పలుస్కర్‌ల గళాలు. మంత్రిగారి గీటురాయి మీద గీసినా మేలిమి బంగారమే. అయితేనేం, సినిమా పాట కదా! శ్రోతలు వాదనకు దిగలేదు. ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. చివరికి 1957లో ‘వివిధ్ భారతి’ని ప్రారంభించి ప్రభుత్వమే దిగివచ్చింది.

మాట బాణీలో ఒదగాలి, బాణీ తీసేసినా బతకాలి. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన శైలేంద్ర సాదా మాటలు ఆ పరీక్షకు నిలుస్తాయి. తుపాకీ పాటలు సాధారణంగా నిలవవు. వాటిలో ప్రాస తప్ప ఊహ ఉండదు. ఆ సంగతి తేల్చవలసింది విమర్శకుడు, శ్రోత. ఠాణాకు అక్కడ పనేమిటి?

కత్తెర చేతికిచ్చాక అది అశ్లీలం దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. ఎమర్జెన్సీలో, 1976లో, కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి ఆపేసింది. సాహిత్యంలో దోషం లేదు, స్వరంలోనూ లేదు. సర్కారు ప్రచారానికి పాడనన్నాడు, అంతే.