చదరంగం బల్ల చుట్టూ

చదరంగానికి కండబలంతో పనిలేదు. ఇద్దరికీ 16 పావులే. అయినా పాలకొల్లు లాంటి ఊళ్లో ఆదివారం పోటీ పెడితే ఆడపిల్లలు ఎందరొస్తారు? "వాళ్లకి ఆసక్తి లేదండీ" అనేయడం నిర్వాహకులకు తేలిక.

హాలులో గడియపడే మరుగుదొడ్డి ఉందా? ఆఖరి రౌండు ఎన్నింటికి ముగుస్తుంది? చీకటి పడ్డాక నరసాపురం బస్సు కోసం నిలబడాలంటే 12 ఏళ్ల పిల్లను ఏ తల్లి పంపుతుంది? గెలిచే ఆట వదిలేసి బస్సుకు పరుగెత్తిన పిల్ల పేరు పక్కన సున్నా వేస్తారు. ఆ సున్నా ఎవరిది?

నియమాలు రాసేవాళ్లూ తక్కువేం కాదు. 1986లో అంతర్జాతీయ సమాఖ్య స్త్రీలందరికీ 100 రేటింగు పాయింట్లు కలిపి, హంగరీ అమ్మాయి జుజా పోల్గార్‌ను మాత్రం వదిలేసింది. మగవాళ్లతో ఆడి రేటింగు తెచ్చుకోవడమే ఆమె నేరం! సత్తా సంగతా? గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టరయింది. 2017లో తల్లయి, 2019లో మహిళల ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది.

అందుకే పోటీ పెట్టే క్లబ్బువాళ్లతో ముందే మాట్లాడాలి. స్విస్ పద్ధతిలో సమాన పాయింట్లున్నవాళ్లనే జతకట్టాలి, ఆ జతల పట్టిక అందరికీ కనిపించేలా అంటించాలి. ఆర్బిటరు ఆటగాళ్ల బంధువు కాకూడదు. ఆట సాయంత్రం ఐదింటికల్లా ముగియాలి. "ఉత్తమ బాలిక" బహుమతి పెడితే సంతోషమే. కానీ అది చేతిలో పెట్టి అసలు బహుమతుల్లోంచి ఆమె పేరు కొట్టేస్తే ఒప్పుకోవద్దు. ఒకరికి ఒకటే అన్నప్పుడు పెద్దది ఆమెకే రావాలి, రెండోది మరో అమ్మాయికి.

ఆ రోజు పేర్లు రాసుకునే చోట మన సంఘం నుంచి ఒకరు కూర్చుందాం. పిల్లను దింపడానికొచ్చిన తల్లికి అక్కడ ఒక్క ఆడమనిషైనా కనబడాలి కదా.