టరెట్ తిప్పకండి, మౌంట్ విప్పండి

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రామచంద్రాపురం, సంగారెడ్డిలో ఎయిర్ రైఫిల్ పట్టే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు రైఫిల్ కొనిపెట్టిన తల్లిదండ్రులకు, అమ్మే షాపులవాళ్లకు, క్లబ్బుల కోచ్‌లకు ఒక టూల్‌రూం ఫిట్టర్ మనవి.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా ఇంట్లో మద్దెల నిజంగానే ఓడు. మూడు నెలలు ఆడేవాణ్ణే తిట్టాం. స్కోపు బిగించి ఉన్న స్ప్రింగు రైఫిల్ కొని మా అబ్బాయికిచ్చాను. 10 మీటర్ల దగ్గర మొదటి ఐదు పెల్లెట్లూ బుల్‌కు ఎడమగా పడ్డాయి. స్కోపు మీద గురి దిద్దే మర, టరెట్, తిప్పాం. మర్నాడు కిందికి పడ్డాయి. మళ్లీ తిప్పాం. "ట్రిగ్గర్ గుంజకు బిడ్డా, మెల్లగ ఒత్తు" అని వాడి ప్రాణం తీశాను. పాతికేళ్లుగా పంపు, మోటారు కప్లింగులకు డయల్ గేజ్ పెట్టి అలైన్‌మెంట్ చూసే మనిషిని, ఇంట్లో స్కోపును పట్టి ఉంచే మౌంటు రెండు రింగుల వైపు కన్నెత్తి చూడలేదు.

చివరికి ఓ రాత్రి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాను. మౌంటు కూర్చునే రైలు మీద మూడు మిల్లీమీటర్ల కొత్త గీత, అంటే మౌంటు అంతమేర వెనక్కి జారింది. రింగు మూత ఒక పక్క పూర్తిగా ఆనుకుంది, రెండో పక్క సందులో గోరు దూరుతుంది. విప్పితే స్కోపు గొట్టం మీద రింగు పళ్లు దిగినట్టు గాటు.

స్ప్రింగు రైఫిల్ తన్నుడు వేరు. మొదట వెనక్కి తన్ని, పిస్టన్ వెళ్లి కొట్టుకోగానే ముందుకు దూకుతుంది. రైఫిల్ ముందుకు దూకితే, వదులు మౌంటు అక్కడే ఆగిపోయి వెనకబడుతుంది. అందుకే మంచి మౌంటుకు స్టాప్ పిన్ ఉంటుంది, రైలు మీద దానికో గుంట ఉంటుంది. మా మౌంటుకూ పిన్ ఉంది. గుంటలో దించలేదు, అంతే.

లెక్క చూడండి. రెండు రింగుల మధ్య 100 మిల్లీమీటర్ల దూరం ఉంటే, ఒక రింగు 0.1 మిల్లీమీటరు, అంటే రాసుకునే కాగితమంత మందం పక్కకు జరిగితే, 10 మీటర్ల దగ్గర దెబ్బ ఒక సెంటీమీటరు తప్పుతుంది. 25 మీటర్ల దగ్గర రెండున్నర. పావు మినిట్ (కోణం కొలత) టరెట్‌లో ఒక్కో క్లిక్కు 10 మీటర్ల దగ్గర 0.7 మిల్లీమీటర్లే జరుపుతుంది. సెంటీమీటరు దిద్దాలంటే పద్నాలుగు క్లిక్కులు. దిద్దాక మౌంటు మళ్లీ జారుతుంది. జారే నేల మీద ముగ్గేసినట్టే.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2008లో బీజింగ్ ఫైనల్‌కు ముందు తన సైటింగ్ షాట్ నాలుగు పాయింట్ల దగ్గర పడిందని అభినవ్ బింద్రా ఆత్మకథలో రాసుకున్నాడు. సైట్ కదిలిపోయింది. అది స్కోపు కాదు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు. ఒలింపిక్ 10 మీటర్ల పోటీలో స్కోపుకు చోటే లేదు, మన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు గెలిచిందీ పీప్ సైటుతోనే. బింద్రా మిగిలిన కొద్ది సమయంలో సైట్ సరిచేసుకుని 700.5తో స్వర్ణం పట్టాడు. తన చేతిని కాదు, సైటును అనుమానించాడు.

4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి కొనడం తేలిక, అమ్మడం ఇంకా తేలిక. కౌంటరు దగ్గర కుర్రాడు అలెన్ కీతో నాలుగు తిప్పులు తిప్పి, డబ్బాలో పెట్టి ఇచ్చేస్తాడు. గురి తప్పిన పెల్లెట్ టార్గెట్ వెనక దాకా, ఒక్కోసారి గోడ అవతల దాకా పోతుంది. (పిట్టల మీద పరీక్షించేవాళ్లకు ఈ కరపత్రం కాదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.)

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. స్కోపు అమ్మే షాపు కొన్నవాడి ఎదుటే బిగించి, ఎంత టార్కుతో బిగించిందో చీటీ రాసివ్వాలి. ప్రతి క్లబ్బులో నెలకో ఆదివారం ఒక బల్ల వేయాలి: వైస్, టార్క్ స్క్రూడ్రైవర్, రసమట్టం, గుండు దారం చాలు. రైలు మీది నూనె తుడిచి, పిన్ గుంటలో దించి, కంటికీ స్కోపుకూ మధ్య దూరం చూసుకుని, రైఫిల్‌ను మట్టానికి నిలిపి, స్కోపులోని నిలువు గీతను గుండు దారానికి సరిపెట్టాలి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, రెండు పక్కలా సందు సమానంగా ఉండేట్టు బిగించాలి. మేకర్ కాగితంలో ఎంతంటే అంతే. సాధారణంగా అది 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే, మన ఫిట్టర్ చేతికి అది వదులుగానే తోస్తుంది. అందుకే చేతి అంచనా వద్దంటున్నాను.

ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో యుద్ధ వాహనాలు తయారయ్యే ప్రాంతం ఇది. బీహెచ్ఈఎల్ పక్కనే ఉంది. మైక్రాన్లలో మాట్లాడే వేళ్లు ఇక్కడ ప్రతి వీధిలో ఉన్నాయి. ఫిట్టర్ మిత్రులారా, నెలలో ఒక పూట ఇవ్వండి, డబ్బులు అడగకండి.

రైఫిల్‌లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసి, కవర్లో పెట్టి బల్ల దగ్గరికి తీసుకురండి. అప్పటిదాకా టరెట్ ముట్టుకోకండి, పిల్లాణ్ణి తిట్టకండి.