మూడు గదులు చాలు

మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాల ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఏం జరుగుతుందో హైదరాబాదువాళ్లకు చెప్పక్కర్లేదు. ఎక్కడెక్కడి గదుల్లోంచో జనం వచ్చి గడియారం ముందు చేరతారు. కుక్ అండ్ కెల్వీ వాళ్ల గడియారం అది. అందులో ఓ కమ్మరి సుత్తితో సెకన్లు లెక్కబెడుతూ కూర్చుంటాడు. గంట కాగానే తలుపు తీసుకుని ఇంకో బొమ్మమనిషి బయటికొస్తాడు. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు గనక ఆ వేళకే గిరాకీ. పిల్లలు నాన్నల భుజాలెక్కుతారు, ఫోన్లు తలలకు పైన లేస్తాయి. ఆఖరి దెబ్బ పడిందో లేదో, ‘పదండి, ఇంకా జూ చూడాలి’ అని ఎవరో ఒకరు కేకేస్తారు. రెండు నిమిషాల్లో అక్కడ ఖాళీ కుర్చీలు మిగులుతాయి.

దసరా సెలవులైనా, సంక్రాంతి సెలవులైనా ఇదే వరస. జిల్లాల నుంచి చుట్టాలు దిగుతారు. పొద్దున చార్మినార్, ఆనక సాలార్‌జంగ్, మధ్యాహ్నం జూ, సాయంత్రం ట్యాంక్‌బండ్. మ్యూజియానికి ఆ జాబితాలో దక్కేది గంటన్నర. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. 1949లో చనిపోయేదాకా సంపాదనంతా వస్తువుల మీదే పోశాడు. అతను పోయాక, తాతతండ్రులు కొన్నవీ అతను కొన్నవీ కలిపి 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిస్తే నెహ్రూ వచ్చి ప్రారంభించారు. ఇప్పుడున్న మూసీ ఒడ్డు భవనంలోకి 1968లో మారింది. మూడు తరాలు కూడబెట్టిన సొత్తును మనం గంటన్నరలో చూసేస్తున్నామంటే, అందులో చూపు ఎంత, నడక ఎంత?

తప్పు కుటుంబాలది మాత్రమే అనను. గదుల్లో కూర్చోవడానికి చోటు దొరకదు, అడిగితే చెప్పే మనిషీ తేలిగ్గా దొరకడు. వస్తువు కింద పేరు, దేశం, శతాబ్దం రాసి ఉంటాయి. ఏడేళ్ల పిల్లకు పంతొమ్మిదో శతాబ్దం అంటే ఏం తోస్తుంది?

అదే పిల్లను ముసుగు రెబెకా ముందు ఓ పది నిమిషాలు నిలబెట్టండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. మొహం మీద పల్చటి ముసుగు, ఆ ముసుగు వెనక ముక్కూ పెదాలూ తెలుస్తూ ఉంటాయి. గుడ్డ వేరేగా కప్పారా అని పిల్లలు అడుగుతారు. లేదు, గుడ్డా మొహమూ ఒకే రాయి అంటే నమ్మరు. పక్కకెళ్లి చూస్తారు, వంగి చూస్తారు. ఇంకో చోట ఒకే చెక్కలో రెండు బొమ్మలున్నాయి. ముందు వైపు టెక్కుగా నిలబడ్డ సైతాను మెఫిస్టోఫిలిస్, వెనక వైపు తల వంచుకున్న అమ్మాయి మార్గరెట్. ఆమె కనిపించడానికి వెనక అద్దం పెట్టారు. ముందే చెప్పకుండా ‘అద్దంలో ఎవరున్నారో చూడు’ అని వదిలేయండి. పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. ఇంటికెళ్లాక అమ్మమ్మకు చెప్పేది దాని సంగతే.

సెలవుల్లో మన మ్యూజియాలు అసలేమీ చేయడం లేదని కాదు. చిత్రలేఖనం పోటీలు పెడతారు. అలాంటి పోటీ ఒకదానికి వెళ్లాను. వరండాలో జంబుఖానా పరిచి, పిల్లలందరికీ ‘పర్యావరణ పరిరక్షణ’ అంశం ఇచ్చారు. ఆ గోడకవతల వందల ఏళ్ల నాటి బొమ్మలుండగా ఇక్కడ పిల్లలు చెట్టు, చెట్టు మీద సూర్యుడు గీస్తున్నారు. ఆ బొమ్మ ఇంట్లో గీయొచ్చు కదా! తల్లిదండ్రులు గేటు బయట మొక్కజొన్న కంకులు తింటూ నిలబడ్డారు. బహుమతి ముగ్గురికి, సర్టిఫికెట్లు అందరికీ. లోపలికెళ్లి ఒక్క వస్తువు చూసినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

సరిగ్గా చేసినచోటు కావాలంటే విశాఖ బీచ్‌కు వెళ్లండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న జలాంతర్గామి కుర్సురా, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో ఒడ్డున మ్యూజియంగా ఉంది. లోపల వివరాలు చెప్పేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే. ఇక్కడ టార్పెడోలు, ఇక్కడ వంట, ఈ ఇరుకు అరల్లోనే నిద్ర అని వాళ్లు చెబుతుంటే పిల్లల ప్రశ్నలకు అంతుండదు. స్నానం ఎలా చేస్తారు, భయమేయదా అని అడుగుతారు. అక్కడ స్టేజీ లేదు, మైకు లేదు, బహుమతీ లేదు. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెబుతున్నాడు, అంతే. ముంబైలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ 2019లో పిల్లల కోసం విడిగా ఒక మ్యూజియమే తెరిచింది. అందులో మొదటి ప్రదర్శనకు వస్తువులు ఎంపిక చేసే పని పిల్లలకే అప్పగించారు. మనవాళ్లు అంతదూరం పోకపోయినా ఫర్వాలేదు.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. దాని శాస్త్రీయ నామంలో రెండో మాట యామన్‌పల్లియెన్సిస్. ఆ ఎముకలు దొరికిన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి పేరే అది. మంచిర్యాల నుంచి వచ్చిన పిల్లవాడికి ‘ఇది మీవైపుదేరా’ అని చెప్పే మనిషి ఒక్కరు అక్కడుంటే, వాడు ఆ బొమికల ముందు నుంచి కదలడు.

ఊరూరా రిటైరైన తెలుగు, సోషల్ మాస్టార్లున్నారు. సెలవుల్లో శని, ఆదివారాలు రెండేసి గంటలు వాళ్లను పిలిచి గదికొకరిని కూర్చోబెట్టడానికి మ్యూజియం అధికారులకు కొత్త భవనమేమీ అక్కర్లేదు. ఓ బల్ల, పది ముక్కాలిపీటలు, పెన్సిళ్లు, తెల్లకాగితాలు చాలు. పిల్లలు ఎదురుగా ఉన్నదాన్నే చూసి గీస్తారు. పక్కన నాన్న కూడా గీయాలి, అమ్మ కూడా. ఎవరిది బాగుందో తేల్చే న్యాయనిర్ణేత మాత్రం వద్దు.

ఇక వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఇంటి దగ్గరే మూడు గదులు అనుకుని బయల్దేరండి, మిగతావి వచ్చే సెలవులకు ఉంచండి. జూ ఇంకోరోజు. బయల్దేరేముందు వారం చూసుకోండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, నాగార్జునకొండ, అమరావతి మ్యూజియాలకూ అంతే. కుర్సురాకు సోమవారం.