వాడికి ఉద్యోగం ఎందుకమ్మా!

రెండేళ్ల కిందట మా తమ్ముడు మళ్లీ ఉద్యోగంలో చేరాడని చెప్పగానే పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. "అయ్యో, వాడికి ఉద్యోగం ఎందుకమ్మా! రెండుపూటలా ఇంత అన్నం మీరు పెట్టలేరూ?"

పెట్టగలం పిన్నిగారూ. ఆరేళ్లు పెట్టాం కూడాను. వాడికి కావలసింది అదొక్కటే అనుకోవడమే మేం చేసిన పొరపాటు.

వాడికి స్కిజోఫ్రీనియా. పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపించేవి. మందులతో అవి సద్దుమణిగాయి. "పూర్తిగా తగ్గనీ, చూద్దాం" అంటూ మేమే ఇంట్లో కూచోబెట్టాం. బి.కాం. ఫస్టు క్లాసులో పాసైనవాడు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూచున్నాడు. చుట్టాలొస్తే, ఎవరూ చెప్పకుండానే లేచి వెనకగదిలోకి వెళ్లిపోయేవాడు.

ముందు జబ్బు తగ్గాలి, తర్వాతే ఉద్యోగం అంటాం. ఈత వచ్చాకే నీళ్లలో దిగమన్నట్టు లేదూ! అమెరికాలో 1990లలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ అనేవారు దీన్ని తిరగేశారు. ముందు మామూలు ఉద్యోగంలోనే చేర్చండి, ఆపైన తోడుండి నేర్పండి అన్నారు. వైద్యుడూ, ఉద్యోగం చూసిపెట్టేవారూ ఒక జట్టుగా పనిచేస్తారు. చేరాక కూడా మంచీచెడూ కనుక్కుంటూనే ఉంటారు. చాలా దేశాల్లో పరీక్షించి చూశారు. ముందు తర్ఫీదు, తర్వాత ఉద్యోగం అనే పాత పద్ధతికన్నా దీంతోనే ఎక్కువమందికి ఉద్యోగాలు దొరికాయట.

మాకలాంటి జట్టు దొరకలేదు. ఎరువుల కొట్టాయన దొరికారు. ఏం చేశారంటారా? రాత్రి మాత్రల మత్తు పొద్దెక్కేదాకా వదలదు గనక, తొమ్మిదింటికి బదులు పదిన్నరకి రమ్మన్నారు. గల్లాపెట్టె దగ్గర రద్దీలో కాకుండా లోపలి బల్ల దగ్గర లెక్కలు రాయమన్నారు. నాలుగు పనులు ఒక్కసారిగా నోటితో చెప్పకుండా చీటీ మీద రాసిచ్చారు. అంతే! ఆయనకైన ఖర్చు, రోజుకో చీటీ.

కిందటేడు జబ్బు తిరగబెట్టింది. మూడువారాలు సెలవు. ఇహ అయిపోయిందని నేను ఏడుస్తూ వెళ్తే, "టైఫాయిడొస్తే తీసేస్తామా అమ్మా?" అన్నారాయన.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధీ ఉంది. సర్కారు కొలువులో ఉండగా ఇలాంటిది వస్తే తీసెయ్యకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. చట్టం అంతదూరం వచ్చింది. మనం మాత్రం కోపమొస్తే "ఎర్రగడ్డకి పంపాలి" అని నవ్వుకుంటూ అక్కడే ఉన్నాం!

మీలో ఆఫీసులు నడిపేవాళ్లున్నారు. మీవారికి దుకాణాలున్నవాళ్లున్నారు. జాలి పడకండి, జాలి మా ఇంట్లోనే కావలసినంత ఉంది. ఒక బల్లా, ఒక గంటన్నర వెసులుబాటూ ఇవ్వండి. చెప్పిన పని చెయ్యకపోతే అందర్నీ అడిగినట్టే అడగండి.

మొన్న మా ఇంటికి చుట్టాలొచ్చారు. వాడు వెనకగదిలోకి వెళ్లలేదు. "కొట్టుకి టైమైంది, సాయంత్రం మాట్లాడుకుందాం" అని వాళ్ల మధ్యనించే చెప్పులేసుకుని వీధిగుమ్మంలోంచి వెళ్లాడు.

ఉద్యోగం ఎందుకని అడిగారుగా పిన్నిగారూ? ఇందుకు.