కొత్త ఓనరుకి పాత మ్యాపు అక్కర్లేదా?

"సైటు కొన్నవాడు తనకి నచ్చినట్టు మార్చుకుంటాడు, మధ్యలో నీ బాధేంటి?" అన్నాడు ఆఫీసులో ఓ మిత్రుడు. బాధ ఉంది మరి!

ఆనంద్‌టెక్‌నే చూడండి. 1997లో ఆనంద్ లాల్ షింపీ పద్నాలుగేళ్లకే మొదలుపెట్టిన హార్డ్‌వేర్ రివ్యూల సైటు. 2014లో ఆయన ఆపిల్‌కి వెళ్లాడు, ఆ ఏడాదే పర్చ్ కొంది, 2018లో ఫ్యూచర్ చేతికొచ్చింది, 2024 ఆగస్టు 30న మూతపడింది. వాడేకొద్దీ ఎస్‌ఎస్‌డీ ఎందుకు నెమ్మదిస్తుందో 2009లోనే కొలిచి చూపించిన సైటండీ అది!

మా జైపూర్‌లో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనే కుర్రాడికి కావాల్సింది పదేళ్ల కిందటి రివ్యూనే. సింగరేణిలో పాత బాయి మ్యాపు చూడకుండా పక్కన కొత్తది తవ్వరు, పాత నీళ్లు మీద పడతాయని.

సైటు తిరిగి కట్టేవాళ్లూ అంతే. ముందు పాత లింకులు తెగకూడదు. కొలతల పట్టికలు, ఏ సెట్టింగుల్లో కొలిచారన్న వివరాలు ఉండాలి. రంగులు తర్వాత మార్చుకోవచ్చు.

ఖర్చంటారా? పాత పేజీల్ని ఉన్నవి ఉన్నట్టు ఉంచడానికి పెద్ద సర్వర్లేం అక్కర్లేదు. ఆ పేజీలు పోగొట్టుకుంటే, ఇంత డబ్బు పోసి కొన్నది ఉత్త బోర్డే!